పలకపొడిలో కనపడని చుక్క

మా అమ్మ పెళ్లయిన ఏడాది నుంచీ మార్కాపురంలోని ఒక పలకల కార్ఖానాలో రాయి నునుపు చేసేది. దగ్గు పట్టుకుంటే మొదట క్షయ అన్నారు. మందులు మింగింది, తగ్గలేదు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుందని తేలేసరికి నేను హైదరాబాదులో ఎన్ఎంఆర్ మీద, అంటే అయస్కాంతంతో ఘనపదార్థాల లోపలి పరమాణువుల అమరికను చూసే పద్ధతి మీద, పీహెచ్‌డీ చేస్తున్నాను.

మా పనిలో పొడిని చిన్న గొట్టంలో కూరి, పెద్ద అయస్కాంతం మధ్య ఏటవాలుగా పెట్టి, సెకనుకు వేలసార్లు తిప్పుతాం. వచ్చే పటానికి ఒక అంచున సిలికాన్, ఇంకో అంచున హైడ్రోజన్. ఏ సిలికాన్ పక్కన హైడ్రోజన్ ఉంటే అక్కడ ఒక చుక్క తేలుతుంది. రాతిరేణువు పైపొరలో ఆ రెండూ ఎలా అమరాయో దాన్నిబట్టే ఊపిరితిత్తికి హాని ఉంటుందని చదివాను. అమ్మ పీల్చిన పొడినే చూడాలనుకున్నాను.

సెలవుల్లో కార్ఖానా కిటికీ మీది పొడిని కాగితంలో పొట్లం కట్టి ఇంటికి తెచ్చాను.

"ఆ దుమ్మేం చేసుకుంటావే?" అంది అమ్మ.

"దాంట్లో ఏముందో చూస్తానమ్మా."

"చూసినాక మందు కనుక్కుంటారా?"

"కనుక్కుంటారు" అన్నాను. అబద్ధమని నాకు తెలుసు.

యంత్రం నాకు నాలుగు రోజులు దొరికింది. రెండు రోజులు గడిచినా తెరమీద ఒక్క చుక్కా లేదు. మూడోరోజు మా గైడు వచ్చి చూశారు.

"పలకరాయిలో ఇనుముందమ్మా. హైడ్రోజన్ నుంచి సిలికాన్‌కు చేరేలోపే సిగ్నల్ ఆరిపోతుంది. ఆపెయ్."

"యాసిడ్‌తో కడిగి ఇనుము తీసేస్తే?"

"పైపొర మారిపోతుంది. నువ్వు చూడాలనుకున్నదే అది కదా!"

నేను ఆపలేదు. ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. మాటకూ మాటకూ మధ్య ఎగశ్వాస.

"కనపడిందా?"

"ఇంకా లేదమ్మా."

"నిదానంగా చూడు. నేనేడికి పోతా?"

నాలుగో రోజూ ఏమీ రాలేదు. ఆ నెల తిరక్కుండానే అమ్మ పోయింది.

చివరికి సీసాల్లో కొన్న శుద్ధమైన సిలికాతో థీసిస్ పూర్తిచేశాను. పటాలు చక్కగా వచ్చాయని పరీక్షకులు మెచ్చుకున్నారు. బయటికొచ్చి మెట్లమీద కూలబడి పిన్నికి ఫోన్ చేశాను. అమ్మ పనిచేసిన కార్ఖానాలోనే ఆమె ఇప్పటికీ పని చేస్తోంది.

"పిన్నీ, నేను పాసైనా."

"ఏందీ? మిషన్ చప్పుడుకు వినపడటంల్యా!" అని అరిచి, తెరలు తెరలుగా దగ్గింది. కాసేపటికి, "పనయినాక నేనే చేస్తాలే" అని ఫోన్ పెట్టేసింది.