పేచీ మానేసిన గుంట

వడ్డాదిలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. అక్షింతలు వెయ్యడానికి చెయ్యెత్తాను. జాకెట్టు కుడిచెయ్యి భుజం దగ్గర కుట్టూడి మోచేతి దాకా జారింది. అక్షింతలు మాత్రం వధూవరుల మీదే పడ్డాయి. భోజనం దగ్గర, గారెలు రెండోసారి వడ్డిస్తుంటే వద్దనడానికి చెయ్యెత్తే ధైర్యం లేక, అవి కూడా తిన్నాను.

ఆ జాకెట్టు కుట్టింది మా చోడవరం టైలరు సత్యారావు. ఇరవై రెండేళ్లుగా మా వీధి ఆడవాళ్లందరికీ అతనే. అంతకుముందు అతని కుట్టు ఊడగా నేనెప్పుడూ చూడలేదు.

అతని చేతికి లొంగని కస్టమరు ఒక్కతే, సొంత కూతురు దేవిశ్రీ. ఇంటర్ చదువుతోంది. "ఈ మెడేటి నాన్నా, సంచి మూతిలాగుంది? నేనెయ్యను పో" అని ఒక్కో టాపూ నాలుగేసిసార్లు విప్పించేది. ఈ జూన్ నుంచి పేచీలు మానేసింది.

"మా గుంటకి బుద్ధొచ్చిందమ్మా. ఏటి కుడితే అది తొడుగుతంది" అని మురిసిపోయాడు సత్యారావు. బళ్ళో పాఠాలు చెప్పే నేను కూడా, ఎంత ఒద్దిక వచ్చిందో అని ఆ పిల్ల ఎదుటే మెచ్చుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే పెళ్ళిలో జాకెట్టు జారినదానికంటే దానికే ఎక్కువ సిగ్గేస్తుంది.

టాపు వదులైందని జూలైలో పక్కలు లోపలికి కుట్టాడు. ఆగస్టులో మళ్ళీ కుట్టాడు. దసరాకి మూడోసారి విప్పుతుంటే, పాత కుట్ల సూది బెజ్జాలు రెండు వరసలు పక్కపక్కనే కనిపించాయట. మిషను ఆపి, భార్య కనకమహాలక్ష్మిని పిలిచాడు.

"గుంట తింటన్నాదా?"

"తిన్నానంటాది. కాలేజీ నుంచొచ్చి గోడకేసి తిరిగి పడుకుంటాది. ఎదిగే పిల్ల, నీరసముండదేటి?"

అప్పుడతను తన వృత్తిలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. కొత్త టాపుకి కావాలనే ఒక చెయ్యి మోచేతి దాకా, ఒకటి మణికట్టు దాకా కుట్టాడు. అరుస్తుందని, తెచ్చి మొహాన కొడుతుందని, పొద్దున్నే గుమ్మంలో కాసుకు కూర్చున్నాడు. దేవిశ్రీ అది తొడుక్కుని, బస్సెక్కి కాలేజీకి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చి మడతపెట్టి మిషను మీద పెట్టింది.

"బాగుందా, అమ్మా?"

"బాగుంది నాన్నా."

మర్నాడే విశాఖపట్నం తీసుకెళ్ళాడు. ఇది మనసుకొచ్చిన జబ్బు, పొగరు కాదు, బద్ధకం కాదు అన్నారు డాక్టరు. మందులు పనిచెయ్యడానికి వారాలు పట్టవచ్చట. ఒంటరిగా మాత్రం వదలొద్దన్నారు. నా జాకెట్టు అతను కుట్టింది ఆ వారంలోనే.

ఇవేవీ తెలియకుండా, పెళ్ళయిన రెండోరోజు ఊడిన జాకెట్టు పట్టుకుని షాపుకి వెళ్ళాను. దేవిశ్రీ మిషను పక్కనే స్టూలు మీద ఉంది. ఒళ్ళో టిఫిను డబ్బా. మూత కూడా తియ్యలేదు.

"ఏమయ్యా సత్యారావూ, ఇది కుట్టా? అంతమందిలో నా పరువు తీశావు!"

అతను జాకెట్టు అందుకున్నాడు కానీ దానివైపు చూడలేదు. కూతురివైపు చూసి, గొంతు బాగా తగ్గించి అన్నాడు:

"మీరైనా అంటన్నారమ్మా, మా గుంటే ఏటీ అనట్లేదు."