మూడు సెకన్ల మెల్విన్

మెల్విన్ మొహం కంటే అతని బూట్లు నాకు బాగా తెలుసు. మా జట్టులో నా పని వంగి నిలబడి, బంతిని కాళ్ల మధ్యనుంచి వెనక్కి అందించడం. అందుకుని దాన్ని ఏం చేయాలో తేల్చేది అతను. రెండేళ్లపాటు ఆ మనిషిని తలకిందులుగానే చూశాను.

సిడ్నీలో అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ ఆడే పిచ్చివాళ్లు కూడా ఉంటారని నిజామాబాద్ నుంచి మాస్టర్స్‌కి వచ్చిన నాకేం తెలుసు? యూనివర్సిటీలో మొదటి వారం, క్లబ్బుల స్టాళ్ల దగ్గర ఉచితంగా సాసేజ్ ఇస్తున్నారంటే వరుసలో నిలబడ్డాను. మూడోది అడిగేసరికి కోచ్ డెన్నిస్ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీ పేరేంటి?" అన్నాడు. "విఠల్" అన్నాను. నూట ఎనిమిది కేజీల నన్ను చూసి ఒకరు అంత సంతోషపడటం అదే మొదటిసారి.

మెల్విన్‌ది సిడ్నీలోనే గిరావీన్ అనే పేట. ఆరేళ్లప్పుడు గుంటూరు నుంచి అమ్మానాన్నలతో వచ్చాడు. తల్లి మరియరాణి ఆంటీ నర్సు. తండ్రి శౌరయ్య అంకుల్ వృద్ధాశ్రమంలో పనిచేస్తాడు. వాళ్లింట్లో ఏ విషయమైనా ముందు ప్రార్థనలో పెట్టాలి. కారు కొనడమైనా, అద్దె ఇల్లు మారడమైనా అంతే. మెల్విన్ ఏ కోర్సు చదవాలో తేలడానికి మూడు శుక్రవారాల ఉపవాసం పట్టింది. కొత్త సంవత్సరం ఆరాధనలో అతను తీసిన, బైబిలు వచనం రాసున్న వాగ్దాన కార్డు ఏడాదంతా ఫ్రిజ్ తలుపు మీద ఉండేది. పిజ్జా మీద ఏం వేయించుకోవాలో కూడా తేల్చుకోలేడు. "నీ ఇష్టం అన్నా" అని నా మీదికి తోసేసేవాడు. నాకు ఒళ్లు మండేది.

మైదానంలో మాత్రం వేరే మనిషి. అక్కడ అతను క్వార్టర్‌బ్యాక్. ఏ ఎత్తు ఆడాలో బయటినుంచి కోచ్ చెప్పి పంపుతాడు. ఎదుటివాళ్లు నిలబడ్డ తీరు చూసి, ఒక్క కేకతో ఆ ఎత్తు మార్చేసే హక్కు క్వార్టర్‌బ్యాక్‌కి ఉంది. ఆ తర్వాత బంతి చేతికొస్తే మహా అయితే మూడు సెకన్లు. ఈలోపు విసరకపోతే మీదపడి తొక్కేస్తారు. ఇంట్లో పక్కగదికి వినపడని ఆ గొంతు, అక్కడ నా వెనక నిలబడి మార్పు చెప్పిందంటే అవతలి గోల్ పోస్టు దాకా వినపడేది.

డెన్నిస్ వృత్తికి ప్లంబరు. అతని నియమం ఒకటే. "మార్చే హక్కు మెల్విన్‌ది. తప్పయితే తిట్లు నావి. బయట ఎవరడిగినా కోచ్ చెప్పాడనే అనాలి." మాకది చాలా గొప్పగా అనిపించింది. మా మీదికి ఏదీ రాకుండా చూసుకునే మనిషి దొరికితే ఎవరికి చేదు?

డిసెంబరు మొదటి శనివారం ఫైనల్. నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. పన్నెండు సెకన్లు మిగిలాయి. బంతితో దాటితే ఆరు పాయింట్లొచ్చే గీత ఎనిమిది గజాల దూరంలో ఉంది. బంతి పట్టుకుని నా పక్కనుంచి తోసుకుపొమ్మని కోచ్ మాట. నేను వంగాను. వెనకనుంచి మెల్విన్, "పెర్త్! పెర్త్!" అని అరిచాడు. అంటే కోచ్ మాట రద్దు. బంతి కిట్టుకి.

కిట్టు స్కోఫీల్డ్స్ పేటలో ఉండే పిల్లవాడు, డాక్టర్ ద్వారకానాథ్ గారి అబ్బాయి, స్కూలు రోజుల నుంచి మెల్విన్ స్నేహితుడు. డెంటల్ మూడో ఏడు. మధ్యలోంచి పరిగెత్తాడు. దగ్గర్లో ఒక్కరూ లేరు. మెల్విన్ చూసింది అదే, సరిగ్గానే చూశాడు. బంతి కిట్టు చేతుల్లో పడింది, గీత దాటింది. అప్పుడు పక్కనుంచి, మెల్విన్ చూడని ఒకడు వచ్చి కిట్టుని గుద్దాడు.

గెలిచాం. నేను ఎవర్నో ఎత్తుకుని గంతులేస్తున్నాను. కిట్టు లేవలేదని అందరికంటే ఆఖర్న గమనించింది నేనే. మెల్విన్ మాత్రం బంతి విసిరిన చోటే ఉన్నాడు. అంబులెన్స్ మైదానంలోకి వచ్చి వెళ్లేదాకా అక్కడే ఉన్నాడు.

కిట్టు మెడలో ఎముక చిట్లింది. ప్రాణానికి భయం లేదన్నారు. కానీ కుడిచేతి వేళ్లు కదల్లేదు. ఆ రోజు ఆట కిట్టుకి ఏమాత్రం గుర్తులేదు. ఆస్పత్రి వరండాలో ద్వారకానాథ్ అంకుల్ నిలబడి, మావాణ్ని అక్కడికి పరిగెత్తమన్నదెవరని ఇంగ్లీషులో అడిగాడు.

"నేనే," అన్నాడు డెన్నిస్.

మేం తొమ్మిదిమందిమి పక్కనే ఉన్నాం. "పెర్త్" అన్న కేక అందరం విన్నవాళ్లమే. నేను చిప్స్ అమ్మే మిషన్ వైపు తిరిగి అందులోని పేర్లన్నీ చదివాను. మెల్విన్ చేతులు జేబుల్లో పెట్టుకుని నేలవంక చూస్తున్నాడు.

డెన్నిస్‌ని తీసేయాలని, ఇక ఎక్కడా పిల్లలకి ఆట నేర్పనివ్వకూడదని ద్వారకానాథ్ అంకుల్ లీగుకి ఫిర్యాదు పెట్టాడు. జనవరి ఆఖరి మంగళవారం విచారణ. పద్దెనిమిదేళ్లుగా ఆ ప్లంబరుకి పనీ, ఈ ఆటా తప్ప మూడోది లేదు. అయినా నిర్ణయం నాదేనని సంతకం పెట్టి ఇచ్చాడు.

మెల్విన్ రోజూ సూపర్‌మార్కెట్లో తన షిఫ్టుకి వెళ్లాడు, పాల డబ్బాలు సర్దాడు, రోజూ ఆస్పత్రికీ వెళ్లాడు. ఏడవలేదు. తిండి మానలేదు. నాకు ఆ మనిషిని పట్టుకుని కుదిపేయాలనిపించేది.

"అసలు నీకేమనిపిస్తుందిరా?" అని అడిగాను ఒకరోజు.

"నథింగ్ అన్నా. సీరియస్లీ. పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇస్తారు చూడు, తర్వాత చెంప మనది కాదన్నట్టు ఉంటుంది కదా. అలా ఉంది."

"గట్లయితే నొప్పి తెలుస్తలేదు గదా, చెప్పెయ్. డెన్నిస్ ఏం పాపం జేసిండు?"

"డాడీ ప్రేయర్‌లో పెట్టారు. ఆన్సర్ వచ్చేదాకా నోరు విప్పొద్దన్నారు."

"జవాబు ఏడికెల్లి వస్తదిరా? ఈమెయిల్ వస్తదా?" అని అరిచాను. ఆ కేక విన్న నా నోరేమైందని అతను అడగలేదు.

విచారణకి ముందు ఆదివారం గిరావీన్‌లో మెల్విన్ వాళ్ల తెలుగు చర్చి సంఘం ఆరాధన. ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకుంటారు. ఎండ నలభై దాటింది, తలుపులన్నీ తెరిచిపెట్టారు. కిట్టు రెండు వేళ్లు కదుపుతున్నాడని మెల్విన్ చేత కృతజ్ఞతా సాక్ష్యం చెప్పించాలని శౌరయ్య అంకుల్ ఏర్పాటు. సంఘమంతా తన కొడుకు కోసం ఉపవాసాలున్నారని తెలిసి కిట్టు తల్లి శాంతి ఆంటీ కూడా వచ్చింది. బొట్టుతో, నేత చీరతో ముందు వరసలో కూర్చుంది. వెనక కుర్చీ చాలక నేను సగం బయటికి ఉన్నాను.

మెల్విన్‌కి తెలుగు చదవడం రాదు. అంకుల్ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసిచ్చిన కాగితం చేతిలో ఉంది. ఒక్కో వాక్యం చదువుతున్నాడు. వాక్యం ఆగినచోటల్లా జనం "స్తోత్రం" అంటున్నారు. ఆట ఆడాం, స్తోత్రం. ఫైనల్‌కి వచ్చాం, స్తోత్రం.

"మా కోచ్ చెప్పిన ప్రకారం..." అని ఆగాడు.

కాగితం మీదనుంచి తలెత్తి హాలంతా ఒకసారి ఎడమనుంచి కుడికి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. నేను దాన్ని తిన్నగా చూడటం మాత్రం అదే మొదటిసారి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కోచ్ అలా చెప్పలేదు. నేను మార్చాను. కిట్టుని అటు పంపింది నేనే."

"స్తోత్రం!" అన్నారు వందమంది. పాపం, అలవాటు.

"వాడి చెయ్యి నావల్లే పోయింది."

ఈసారి నలుగురైదుగురే మొదలుపెట్టి సగంలో మింగేశారు. వెనక మెల్లగా వాయిస్తున్న కీబోర్డు ఆగిపోయింది. మరియరాణి ఆంటీ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శాంతి ఆంటీ లేచి, బ్యాగు భుజాన వేసుకుని, ఎవరివంకా చూడకుండా బయటికి నడిచింది. మెల్విన్ మైకు కింద పెట్టి ఆమె వెనకే వెళ్లాడు. నేను వాళ్ల వెనక పరిగెత్తాను.

కారు దగ్గర ఆమె ఆగింది.

"ఎందుకు మార్చావు?"

"వాడి దగ్గర ఎవరూ లేరు ఆంటీ. ఓపెన్‌గా ఉన్నాడు. ఐ సా ఇట్."

"ఒకసారి ఎవర్నైనా అడగడానికి లేదా?"

"టైముండదు ఆంటీ. త్రీ సెకండ్స్."

ఆమె అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. అందులో ఏమీ దొరకలేదు. దొరికేదుంటే ఏడు వారాల్లో నాకైనా కనపడేది.

"మూడు సెకన్లలో అది తేల్చేశావు," అంది. "ఇది చెప్పడానికి ఏడు వారాలు పట్టిందా నాన్నా?"

"అవునాంటీ."

తిట్టినా బాగుండేదనిపించింది. ఆమె కారు తలుపు తెరిచింది.

"ఎక్కు. వాడికి నువ్వే చెప్పు. అంకుల్‌కి కూడా."

హాలు మెట్ల మీదనుంచి శౌరయ్య అంకుల్ పిలుస్తున్నాడు. "మెల్విన్! ఆగు నాయనా! ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుని వెళ్దువుగాని!"

మెల్విన్ వెనక్కి చూడలేదు. ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

"నువ్వెక్కడికి బాబూ?" అంది శాంతి ఆంటీ, నేను వెనక తలుపు తెరవడం చూసి.

"నేను కూడా విన్న, ఆంటీ, ఆ కేక. వాని ముందట ఉన్నది నేనే," అన్నాను.

నేను ఎక్కి తలుపు వేసుకున్నాను.