చుట్టుదారిన వచ్చిన సీసా

ఎనభైలలో, పంచాయతీ ఎన్నికలకు ముందు, నన్ను జమ్మలమడుగులో ఒక చిన్న ఆసుపత్రికి ల్యాబ్ టెక్నీషియన్‌గా వేశారు. గ్రేడు రెండు. ఒక మైక్రోస్కోపు, క్రిములను పెంచి చూసే ఇంక్యుబేటరు, రిజిస్టరు, ఇదీ నా రాజ్యం. నా రిపోర్టును బట్టే డాక్టరు మందు రాసేవారు.

గండికోట వైపు ఊరి నుంచి ఓబులేసు అనే రైతు తన మూడేళ్ల కూతురి మూత్రాన్ని సీసాలో తెచ్చేవాడు. పాపకు జ్వరం వస్తూ పోతూ ఉంది. మూడుసార్లు తెచ్చాడు, మూడుసార్లూ ‘మూత్రంలో ఇన్ఫెక్షన్’ అని సంతకం చేశాను. ఒక్కో రిపోర్టుకు వారం పాటు రోజుకొక ఇంజెక్షన్. నాలుగో సీసా వచ్చిననాడు, ఇదీ ఇలాగే ఉంటే ఇంకా గట్టి మందు వేయాలని, అది కిడ్నీకి, చెవికి మంచిది కాదని డాక్టరు అన్నారు. రిజిస్టరులో పాత పేజీలు తిరగేశాను. మూడుసార్లు మూడు రకాల క్రిములు. చీముకణాలు ఒక్కసారీ లేవు. నిజమైన ఇన్ఫెక్షన్ అలా ఉండదు.

“ఇది ఎప్పుడు పట్టినారు?” అని మొదటిసారి అడిగాను.

“పొద్దు పొడవక ముందే సిస్టరమ్మా. తిన్నని దారి ఎదురుపార్టీ ఊరి మీద పోతాది గదా. మేం జీపులో చుట్టుకొని వస్తాండాము.”

అప్పటికి మధ్యాహ్నం దాటింది. అంతసేపు ఎండలో ఉంటే చర్మం మీది నుంచి సీసాలో పడ్డ నాలుగు క్రిములు కూడా లక్షలవుతాయి. ఫ్యాక్షన్ కక్షలకు భయపడి పార్టీల మనుషులు చుట్టుదారిన తిరుగుతారని ఊళ్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. సీసా కూడా వాళ్లతోనే తిరుగుతుందని నా బుర్రకు తట్టలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

సీసా పారబోసి, పాపను తెమ్మన్నాను.

“బస్సులో మావోళ్లను గుర్తుపడతారు. జీపు మీద బాంబు పడితే ఎవురు పూచీ?” అన్నాడు.

అయితే నేనే వస్తానన్నాను. డాక్టరు వద్దన్నారు. సంతకాలు నావి కాబట్టి పోవాల్సిందీ నేనేనని చెప్పి, మరునాడు ఐసు నింపిన ఫ్లాస్కుతో తిన్నని దారిలో బస్సెక్కాను. ఎదురుపార్టీ ఊళ్లో నలుగురు బస్సు ఆపి ఎక్కారు.

“యాడికి పోతాండావమ్మా?”

ఉన్నదున్నట్టు చెప్పాను.

“చిన్నపిల్లకా? పో, పో” అని దిగిపోయారు.

పాపను శుభ్రంగా కడిగించి, నీళ్లు తాగించి, తల్లి ఒళ్లో కూర్చోబెట్టాను. గంటన్నర కాచుకుని, మొదటి ధార వదిలేసి నడిమి ధారను ఉడికించిన సీసాలో పట్టాను. వేలి నుంచి రక్తపు చుక్క గాజుపలక మీద తీసుకున్నాను. సీసాను ఐసులో పెట్టుకుని వచ్చిన దారినే తిరిగొచ్చాను.

మరునాటికి ఇంక్యుబేటరులో పెట్టిన ప్లేటు మీద ఒక్క క్రిమీ మొలవలేదు. రక్తంలో మలేరియా కనిపించింది. మాత్రలతో పాప తేరుకుంది.

“మరి ఆ సూదులన్నీ ఎందుకు పొడిపిస్తిమి సిస్టరమ్మా?” అని ఓబులేసు అడిగాడు. తప్పు నాదేనని చెప్పాను. అతను తువ్వాలు భుజాన వేసుకుని జీపు వైపు నడిచాడు.

రిటైరయ్యే రోజు వరకూ, పట్టిన వేళ రాయని సీసాను నా బల్ల మీద పెట్టనివ్వలేదు. శాంపిల్ వచ్చిన దారి కూడా నా పరీక్షలో భాగమే. అది నాకు తెలిసిరావడానికి ఆ పాప ఇరవయ్యొక్క సూదులు పొడిపించుకుంది.