డాక్టరుగారి పెరట్లో నేను చేసిన మహోపకారం

సాయం చేయడం మంచి గుణమే, కాదనను. కానీ ఆ గుణం నాలాంటివాడికి పడితే ఎంత ప్రమాదమో తెలియాలంటే, ఒక వేవిళ్ళ మనిషి నోటిదగ్గర ముద్దను నేనెలా లాగేశానో, మధ్యలో ఒక పోలీసాయనను ఆ పాపంలో ఎలా భాగస్థుణ్ణి చేశానో మీరు వినాలి. గుండెజబ్బులున్నవాళ్ళు నిశ్చింతగా వినొచ్చు. పచ్చళ్ళంటే ప్రాణం పెట్టేవాళ్ళు మాత్రం కాస్త గుండె దిటవు చేసుకోండి.

అది రెండువేల మూడు. డెట్రాయిట్ దగ్గర యూనివర్సిటీలో నా ఎమ్మెస్ మొదటి సంవత్సరం ముగిసింది. ఆ ఏడాదంతా నన్ను మోసినవాళ్ళు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే డాక్టర్ రామ్మోహనరావుగారు, ఆయన భార్య సుభద్రగారు. డెబ్బైల్లో వచ్చి స్థిరపడినవాళ్ళు. మొదటి చలికాలంలో నా పల్చటి స్వెట్టర్ చూసి ఆంటీ "ఇదేం గుడ్డ నాయనా, దోమతెరలా ఉంది" అని అంకుల్ కోటొకటి తీసి తొడిగారు. అందులో నాతోపాటు నా రూమ్మేట్ కూడా పట్టేవాడు. ఆదివారం వాళ్ళింట్లోనే భోజనం. వచ్చేటప్పుడు పప్పు, పులుసు డబ్బాల్లో పెట్టి మరీ పంపేవారు.

అంత తిన్నాక కృతజ్ఞత పొంగదా? నాకు పొంగింది. పొయ్యి మీద పాలు పొంగినట్టు చుట్టుపక్కలంతా పాడుచేస్తూ పొంగింది. రోజూ ఎవరికో ఒకరికి మేలు చేయందే నిద్రపట్టేది కాదు. లైబ్రరీ తలుపు తెరిచి పట్టుకుని, ఎక్కడో పార్కింగ్ లాట్ చివర నడిచొస్తున్న పెద్దావిడకోసం నిలబడేవాణ్ణి. పాపం నిలబెట్టేశానే అని ఆవిడ చేతికర్ర చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చేది. రొప్పుతూ ఆవిడ థాంక్యూ అంటే నా కడుపు నిండేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను వద్దన్నా పెట్టే రకం.

జులైలో అంకుల్, ఆంటీ ఒక వారం న్యూజెర్సీలో పెళ్ళికి బయల్దేరారు. మొక్కలకి నీళ్ళు పోసే భారం నామీద పడింది. పడిందంటే, నేనే లాక్కున్నాను. ఆంటీ వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపి పెరడంతా అప్పగించారు.

"ఇవి టొమాటోలు, పక్కన వంకాయలు. చివర్న గోంగూర. మిగతావి ఎండినా ఫర్వాలేదు గానీ, గోంగూర మాత్రం జాగ్రత్త నాయనా. అను వచ్చే ఆదివారం సాయంత్రం దిగుతోంది."

అను వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఒహాయోలో ఉద్యోగం. మూడో నెల. మంచినీళ్ళు కూడా ఇమడడం లేదట.

"ఏం పెట్టినా వాంతే. ఒక్క గోంగూర పచ్చడైతే తింటానంటోంది. సీసాలో పచ్చడి పంపిస్తే ఆ నూనె వాసనకే పరుగెత్తింది. ఇక్కడ తాజా ఆకు దొరకదు కదా. ఏటా లాగే ఏప్రిల్‌లో కుండీల్లో విత్తనాలేసి, కిటికీ దగ్గర పెట్టి పెంచాను. పిల్ల రెండు ముద్దలు తింటే అంతే చాలు." చెబుతూ ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు.

"మీరు నిశ్చింతగా వెళ్ళండి ఆంటీ. ఆ మొక్కలకి నా ప్రాణం అడ్డు" అన్నాను.

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి, ఎవరికీ చెప్పకండి. నేను పుట్టింది గుంటూరు. గోంగూరతో నా పరిచయం కంచం దగ్గరే. నా దృష్టిలో అది జాడీలో పుట్టి, అన్నంలో కలిసి, కడుపులో ముగిసే పదార్థం. దానికి కాండం, కొమ్మలు, ఆకులు ఉంటాయన్న ఆలోచన నాకెన్నడూ రాలేదు. 'చివర్న' అన్నారు కదా అని నేరుగా కంచె దాకా వెళ్ళాను. అక్కడ గుండ్రటి ఆకులతో ఏదో గుబురుగా, నిగనిగలాడుతూ కనిపించింది. ఇంత ముద్దుగా ఉన్నది గోంగూర కాక ఇంకేమిటి? వారమంతా బకెట్లకొద్దీ నీళ్ళు పోశాను. అది కంచె పాకి పక్కింటివాళ్ళ పెరట్లోకి తొంగిచూసింది.

దానికీ వంకాయలకీ మధ్య నడుమెత్తు మొక్కలు ఒక వరుస ఉన్నాయి. పూలమొక్కలు కాబోలనుకుని మిగిలిన నీళ్ళు వాటికి విదిల్చాను.

శుక్రవారం జలుబు మందుకని క్యాంపస్ హెల్త్ సెంటర్‌కి వెళ్ళాను. గోడమీద మాదకద్రవ్యాలకు దూరంగా ఉండండంటూ పెద్ద పోస్టర్. దానిమీద ఒక ఆకు. అయిదు వేళ్ళు విప్పిన చెయ్యిలా ఉంది, అంచులు రంపంలా ఉన్నాయి. ఎక్కడో చూశానే అనుకున్నాను. శనివారం పొద్దున పైపు పట్టుకుని పెరట్లో నిలబడ్డాక ఎక్కడ చూశానో అర్థమైంది. ఆ వరుసలో ప్రతి మొక్కా నాకేసి అయిదేసి వేళ్ళు చూపిస్తోంది!

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఈ పెరటి మొక్క వైద్యుణ్ణే జైలుకి పంపేలా ఉంది. ఎవడో దుర్మార్గుడు అమాయకులైన ముసలివాళ్ళ పెరట్లో గంజాయి నాటాడు. వాళ్ళు అది తెలియక నీళ్ళు పోసి పెంచుతున్నారు! అంకుల్‌కి ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ప్రభుత్వం ఫోన్లు వింటుందని అప్పట్లో అందరూ చెప్పుకునేవారు. అందుకని నా రూమ్మేట్ మల్లేశానికి చేశాను. వాడిది కరీంనగర్.

"అరే, ఆంటీవాళ్ళ పెరట్లో... ఆ మొక్కరా. పోలీసులు పట్టుకునే మొక్క."

"ఏంది, గంజాయా? డాక్టర్ సార్ ఇంట్లనా? నిజమేనారా?"

"పోస్టర్‌లో చూశాను. అచ్చం అదే."

"మరింక జూస్తవేందిరా, పీకి పారెయ్! పోలీసోళ్ళొస్తే ముందుగల్ల నిన్నే పట్కపోతరు. నీదసలే ఎఫ్-వన్ వీసా."

"పీకి మనింటికి తెస్తాను."

"తెచ్చినవంటే నిన్ను గూడ బయట పారేస్త!"

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట. మా వాడు ఆ వంశంవాడే. నేను చొక్కా చేతులు మడిచాను. ఆ వరుస మొత్తం వేళ్ళతో సహా పెకలించాను. నేల చదును చేశాను. మొక్కల్ని పాత దుప్పట్లో పరిచి, చుట్టి, కారు డిక్కీలో పెట్టాను. అలసటతో నడుం వంగిపోయినా, ఒక కుటుంబాన్ని కాపాడానన్న గర్వంతో ఛాతీ మాత్రం ఉబ్బింది.

ఎక్కడ పారేయాలన్నది అసలు చిక్కు. షాపు వెనక చెత్తకుండీ దగ్గరికి వెళితే కెమెరా ఉంది. పార్కుకి వెళితే పిల్లలున్నారు. ఊరు దాటి పోదామని హైవే ఎక్కాను. అందరూ డెబ్బైలో పోతుంటే, అనుమానం రాకూడదని నేను నలభైలో పోతున్నాను. వెనక ఎర్ర, నీలం దీపాలు వెలిగాయి.

పక్కకి ఆపాను. పోలీసాయన కిటికీ దగ్గరికొచ్చి, "ఒంట్లో బాగానే ఉందా? ఇంత నెమ్మదిగా వెళ్తున్నారు?" అన్నాడు.

"బాగుంది సర్. స్టూడెంట్ సర్. ఎఫ్-వన్ సర్. నా దగ్గర ఏమీ లేదు సర్. డిక్కీలో అసలే ఏమీ లేదు సర్."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం కాదిది, గుమ్మడికాయే తెచ్చి చేతికివ్వడం. ఆయన వెనక్కి నడిచాడు. డిక్కీ సరిగ్గా పడలేదట, ఒక కొమ్మ బయటికి వేలాడుతోంది. అద్దంలో చూస్తూ నేను మా అమ్మకి మనసులోనే వీడ్కోలు చెప్పేసుకున్నాను. ఆయన కొమ్మని చేత్తో లోపలికి నెట్టి, డిక్కీ గట్టిగా మూసి తిరిగొచ్చాడు.

"తోటపనా? మా ఆవిడా అంతే. వేసవి వస్తే నన్నూ వదలదు. జాగ్రత్తగా వెళ్ళు బాబూ" అని, తర్వాతి ఎగ్జిట్ దాకా దీపాలేసుకుని నా వెనకే తోడొచ్చాడు.

బుద్ధున్నవాడికి అక్కడైనా వెలగాలి. నాకేం వెలిగిందో తెలుసా? అమెరికా పోలీసులకి కంటి పరీక్షలు సరిగ్గా చేయడం లేదని! ఇక పారేసే ధైర్యం చాలక, సరుకు డిక్కీలోనే ఉంచుకుని ఇంటికొచ్చి ముసుగుతన్నాను.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళు దిగారు. ఆంటీ లోపలికి వెళ్ళగానే నేను అంకుల్‌ని గరాజ్‌లోకి లాగాను.

"ఏమయ్యా, పైపు పగిలిందా?"

"అంతకంటే సీరియస్ అంకుల్. మీ పెరట్లో గంజాయి పెరిగింది. భయపడకండి, మొత్తం పీకేశాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లో మత్తుమందిచ్చిన మనిషికి నేను మత్తు గురించి పాఠం చెబుతున్నాను. "ఎలా ఉంటుందయ్యా అది?" అని అడిగారు.

"అయిదు వేళ్ళ ఆకు, ఎర్రటి కాడ, నడుమెత్తు. వంకాయల పక్క వరుస."

అంకుల్ గోడకి ఆనుకున్నారు. అప్పుడే పెరట్లోంచి కేక వినిపించింది.

"ఏవండీ! నా గోంగూర ఏదండీ!"

పరుగెత్తాం. ఆంటీ చదునైన నేలకేసి చూస్తూ నిలబడ్డారు. "గోంగూర అదిగో కదా ఆంటీ" అని కంచెమీది గుబురు చూపించాను. "అది పిచ్చిమొక్క నాయనా" అన్నారావిడ. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మట్టిలో చతికిలబడి, "సాయంత్రం పిల్లకేం పెట్టను?" అని మాత్రం అన్నారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆ దిగడానికి కావలసిన గుంతలు కూడా నేనే పూడ్చేశాను.

"పారేశావా?" అన్నారు అంకుల్.

"లేదంకుల్. ధైర్యం చాల్లేదు. డిక్కీలో ఉన్నాయి."

ఆంటీ లేచిన వేగం నాకిప్పటికీ గుర్తే. డిక్కీ తెరిచి దుప్పటి విప్పారు. ఎండకి కాగిన కారులో రోజుకు పైగా మగ్గి ఆకంతా తలవాల్చేసింది. ఆవిడ ఒక ఆకు నలిపారు, వాసన చూశారు, నాలిక్కి తగిలించుకున్నారు.

"పచ్చడికి ఆకు ఇలా వాడ్చడానికే నేను రోజంతా గుడ్డమీద ఆరబెడతాను. తడి చుక్క లేదు" అన్నారు. నావైపు తిరిగి, "కూర్చుని ఆకు దూయి. కాడలు కూడా నువ్వే పీకు. పీకడం బాగా వచ్చుగా!" అన్నారు.

సాయంత్రం అను వచ్చింది. పాలిపోయిన మొహంతో సోఫాలో వాలి, "మమ్మీ, ఆ స్మెల్ ఏంటి?" అంది. అందరం బిగుసుకుపోయాం. "సో గుడ్!" అని తనే లేచి వంటింట్లోకి వెళ్ళింది. రెండు ముద్దలనుకున్నది రెండు పళ్ళేలు తినేసింది. వాంతి లేదు. ఆంటీ చీరచెంగు కళ్ళకద్దుకుని, అదే చేత్తో నాక్కూడా ఒక ముద్ద పెట్టారు.

మర్నాడు మల్లేశం డబ్బాలో మిగిలిన పచ్చడి నాకుతూ, కథంతా విని, "మీ గోంగూరంటే మా పుంటికూరనే గదరా! జర ఫోన్లనే రుచి ఎట్లుందో చెప్తే అయిపోతుండె" అన్నాడు.

వాడి మాటలోనే నాకు జ్ఞానం దొరికింది. కాబట్టి పాఠకమహాశయులారా, పచ్చడి జాడీ సాక్షిగా ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు ఎవరి పెరట్లోనూ, ఎంతటి మేలు చేయడానికైనా సరే, ముందు ఒక ఆకు నమిలి చూడనిదే మొక్క పీకను. పుల్లగా ఉంటే గోంగూర. కాకపోతే, మత్తు వదిలేదాకా పక్కన కూర్చోడానికి డాక్టరుగారు ఎలాగూ ఉన్నారు.