అమ్మవారి ముందు పెట్టిన మాత్రలు

ఆ మాత్ర గుర్రానికి వెయ్యాల్సింది మనిషికి ఇచ్చినట్టుంటుంది. గొంతులో అడ్డం పడుతుంది, గ్లాసెడు నీళ్లు తాగినా దిగదు, దిగాక కూడా చాలాసేపు అక్కడే కూర్చున్నట్టు అనిపిస్తుంది. గ్లూకోసమైన్ అని దాని పేరు. ఆ పేరు నాకు ఈ రోజుకీ సరిగ్గా నోరు తిరగదు. మా బర్మామైన్స్ పేట సందుల్లో దాన్ని అందరూ గుజ్జు మాత్ర అనే అంటారు. మోకాల్లో గుజ్జు అరిగిపోయిందని డాక్టరు చేత అనిపించుకున్నవాళ్లు మా దగ్గర ఇంటికొకరున్నారు. జీవితమంతా బరువులెత్తిన జనానికి మోకాళ్లు కాక ఇంకేం అరుగుతాయి?

నేను ఖలాసీని. ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టరు కింద, పెద్ద పెద్ద యంత్రాలను తాళ్లతో, గొలుసులతో పైకెత్తి వాటి చోట కూర్చోబెట్టే పని. శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి మా నాన్న ఈ పనికే వచ్చాడు, నన్నూ ఇందులోకే దింపాడు. ఎత్తు మీద పని చెయ్యాలంటే మాకు హైట్ పాస్ ఉండాలి. అది ఊరికే ఇవ్వరు. ఏటా పరీక్ష పెడతారు. నిచ్చెన ఎక్కాలి, సన్నటి ఇనప దూలం మీద నడవాలి, నడుమ ఆగి గొంతుక్కూర్చుని లేవాలి. ఆ పాస్ ఉన్నవాడే మా లెక్కలో ఖలాసీ. లేనివాడు కింద నిలబడి పైకి చూసేవాడు. కింద నిలబడినవాళ్లని నేను జీవితమంతా ఎగతాళి చేశాను, దాచడం దేనికి.

పైనుంచి పడి కాలు విరిగినా కాస్త పరువుగా ఉండేది. నేను పడింది జుగ్సలాయి బజారులో, స్కూటర్ మీంచి. గోడౌన్ ముందు ట్రక్కు అడ్డంగా పెట్టి బస్తాలు దించుతున్నారు. పక్కనున్న జానెడు సందులోంచి పోనిచ్చాను. చక్రం కాలవ అంచు మీద జారింది, స్కూటర్ వచ్చి నా కుడి మోకాలి మీద పడింది. పక్షులు కూడా కూర్చోడానికి జంకే చోట్ల నిలబడి బీడీ కాల్చినవాణ్ణి, నేల మీద పడ్డాను. గ్యాంగులో వాళ్లు పరామర్శకి వచ్చి, నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. నాకూ నవ్వొచ్చింది, అప్పటికింకా.

ఎముకల డాక్టరు ఫిల్ము దీపానికి పెట్టి చూశాడు. లోపల మెత్తటి పొర చిరిగింది, గుజ్జు ముందే చాలా అరిగి ఉంది అన్నాడు. రోజూ చెయ్యాల్సిన వ్యాయామం చూపించాడు. గ్లూకోసమైన్ రాస్తూ, "ఇది కొందరికి పనిచేస్తుందంటారు, కొందరికి చెయ్యదు. వేసుకుని చూడండి," అన్నాడు. ఆ మనిషి నిజమే చెప్పాడు. నేను మాత్రం సగమే విన్నాను. పాస్ గడువు ముగిసేలోపు కాలు బాగుపడాలి, అంతే నాకు కావలసింది.

మా అమ్మ తన పద్ధతిలో తను వైద్యం మొదలుపెట్టింది. ఆసుపత్రి నుంచి తెచ్చి నన్ను మంచం మీద కూర్చోబెట్టిన రోజే గూట్లో ఉన్న అమ్మవారి పటం ముందు నిలబడి మొక్కుకుంది.

"తల్లీ, నా బావు కాలు బాగయ్యీదాకా నాను నీసు ముట్టను," అంది.

మా అమ్మ సంగతి తెలియనివాళ్లకి ఇదొక చిన్న మాటలా ఉంటుంది. చేపో, రొయ్యో, ఏదీ దొరక్కపోతే ఎండు నెత్తళ్లో లేకుండా ఆవిడకి ముద్ద దిగదు. పర్సుడీహ్ బజారులో చేపలమ్మేవాళ్లు ఆవిణ్ణి దూరం నుంచి చూడగానే మంచి చేపలు పైకి తీసి పెడతారు, తర్వాత ఎలాగూ తిట్లు తప్పవని. అలాంటి మనిషి పప్పూ వంకాయా తింటూ కూర్చుంది. ఆవిడ మానేశాక మేమూ ఇంట్లో వండుకోలేకపోయాం. పక్కింట్లో చేపల పులుసు కాగుతుంటే వీధి తలుపు వేసేసేది మా ఆవిడ.

పొద్దున్నే అమ్మ స్నానం చేసి, చిన్న ఇత్తడి పళ్లెంలో ఆ రోజు మాత్ర పెట్టి, అమ్మవారి ముందుంచి దండం పెట్టేది. తర్వాత తెచ్చి నా చేతిలో పెట్టేది. మాత్రకి కుంకుమ అంటుకుని ఉండేది. "డాట్టరు మందు డాట్టరిదే, అమ్మోరి సల్లదనం అమ్మోరిదే," అనేది. అలా నెలలు గడిచాయి. వ్యాయామం చేశాను, మాత్ర మింగాను. మెట్లు ఎక్కగలిగాను గాని దిగేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వచ్చేది. గొంతుక్కూర్చుంటే మోకాలు లోపల్నుంచి ఎవరో పట్టుకున్నట్టు బిగిసిపోయేది. అయినా ప్రతి రోజూ నిన్నటికంటే నయం అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. ఆశపడ్డవాడి కంటే వెర్రివాడు ఉండడు.

సీసా అయిపోవస్తోందని, ఫోన్లో తెప్పించమని కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయికి ఇచ్చాను. అది సీసాని తిప్పి తిప్పి చూసింది. మూల చదరపు గీతలో చిన్న ఇటుకరంగు గుర్తు ఉంది. మాంసాహారానికి వేసే గుర్తు. ఇన్ని నెలలూ మా ఎవరి కంటా పడలేదు.

"పప్పా, యే తో నాన్‌వెజ్ హై," అంది. తర్వాత ఫోన్లో చదివి, "ఝీంగా, కేకడా కే ఛిల్కే సే బన్‌తా హై," అంది.

రొయ్యల పొట్టు, పీతల పెంకు. మా అమ్మకి హిందీ చదవడం రాదు గాని, ఈ రెండు మాటలూ అర్థం కాకపోవడానికి ఆవిడ చేపల బజారు మొహం ఎరగని మనిషి కాదు. బియ్యం ఏరుతున్నది చేట కింద పెట్టేసింది.

"ఏటన్నావే గుంటా, మళ్లీ సెప్పు."

మా అమ్మాయి భయపడి నా వైపు చూసింది. నేను నవ్వేశాను. ఏం చెయ్యాలో తెలియక నవ్వాను.

"పోన్లెద్దూ అమ్మా. అమ్మోరు కోళ్లూ మేకపోతులూ తింటాది గదా. రొయ్యపొట్టుకి కోపమొత్తాదేటి?"

"అమ్మోరు తింటాదిరా," అంది అమ్మ నెమ్మదిగా. "తిననని మొక్కింది నాను. నా సేత్తో దినదినం ఆ తల్లి ముందల నీసు ఎట్టి, నా బావు కాలు బాగుసెయ్యమని అడిగేనా?"

ఇత్తడి పళ్లెం తీసుకెళ్లి చింతపండు పెట్టి తోమింది. ఎంతసేపు తోమిందంటే మా ఆవిడ వెళ్లి చేతిలోంచి లాక్కోవాల్సి వచ్చింది. తిరిగి వచ్చి నా మంచం దగ్గర కూర్చున్నప్పుడు అమ్మ మొహంలో నాకొకటి కనబడింది. ఏడుపు కాదు. ఇన్నాళ్లూ వెతుకుతున్న కారణం దొరికినవాళ్ల మొహం అది.

"నీ కాలు ఇన్నాళ్లయినా ఎందుకు తేరుకోనేదో తెలిసింది బావూ. తప్పు నాది. మొక్కు మళ్లీ మొదట్నించీ ఎడతాను."

నాకు కోపం నషాళానికంటింది. నీ మొక్కుకీ నా మోకాలికీ సంబంధం లేదన్నాను. మాత్ర పనిచెయ్యకపోవచ్చని డాక్టరు మొదటి రోజే చెప్పాడన్నాను. నువ్వు తినక చిక్కిపోతే గుజ్జు ఊరుతుందా అన్నాను. ఆవిడ అన్నీ విని, "నీకు తెల్దులే," అంది. తడి చేతులు కూడా తుడుచుకోకుండా లేచి వెళ్లి అమ్మవారి ముందు నిలబడింది. ఆ తర్వాత మా అమ్మాయి మొక్కజొన్నతో చేసినవి, ఆకుపచ్చ గుర్తు ఉన్నవి తెప్పించింది. అవీ మింగాను. వాటికీ కుంకుమ అంటుకునేది. మోకాలికి రొయ్యకీ మొక్కజొన్నకీ తేడా తెలియలేదు.

పరీక్షకి ముందు మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. కొత్త ఫిల్ము చూసి, అరిగింది అరిగినట్టే ఉంది, మాత్రలు వేసుకున్నా మానేసినా మీ ఇష్టం అన్నాడు. "ఎత్తు పని మర్చిపోండి," అన్నాడు చివర్లో, తలుపు దాకా వచ్చి, నా భుజం మీద చెయ్యేసి. మంచివాడు. ఆ చెయ్యి తోసెయ్యాలనిపించింది.

అయినా వెళ్లాను. నిచ్చెన ఎక్కాను, పళ్లు బిగించి. దూలం మీద సగం దాకా నడిచాను. గాలి మొహానికి తగిలితే ఒక్క క్షణం అంతా మునుపటిలాగే అనిపించింది. అక్కడ ఆగి గొంతుక్కూర్చున్నాను. అంతే, మళ్లీ లేవలేదు. కాలు నాది కాదన్నట్టు ఉండిపోయింది. రెండు చేతులతో దూలాన్ని పట్టుకుని కూర్చున్నాను.

"చాచా, ఉఠ్ జాయియే," అని కింద నుంచి పరీక్ష పెట్టే ఆయన పిలిచాడు, చాలా మర్యాదగా.

ఆయన లేవమంటుంటే నేను దూలాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. చివరికి మా గ్యాంగువాళ్లే ఇద్దరు పైకొచ్చారు. నా నడుముకి తాడు కట్టి, యంత్రాన్ని దించినట్టు మెల్లగా కిందికి దించారు. ఆ ముడి వేయడం వాళ్లకి నేర్పింది నేనే. మంచి ముడి వేశారు. కింద ఎవరూ నవ్వలేదు. స్కూటర్ మీంచి పడ్డప్పుడు నవ్వినవాళ్లు ఇప్పుడు నవ్వలేదు, దాంతో నాకు అర్థమైపోయింది. గేటు దగ్గర హెల్మెట్లు ఇచ్చి పుచ్చుకునే పని ఒకటి ఉంది, చూస్తావా అని సూపర్‌వైజర్ అడిగాడు. చూస్తానన్నాను. ఇంటికి నడుస్తుంటే చావాలని అనిపించలేదు, బతకాలనీ అనిపించలేదు. దారిలో ఎవరు పలకరించారో, ఏం చెప్పానో గుర్తు లేదు.

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. చెంపలు లోపలికి పోయాయి, రవికె భుజాల మీంచి జారుతోంది. ఆ మనిషిని చూడగానే నాకొకటే తోచింది. నా కాలు ఎలాగూ పోయింది, ఈవిడ ముద్ద ఎందుకు పోవాలి? మొక్కు గడువు నా కాలు బాగయ్యేదాకా. కాలు బాగవదు. అంటే ఆ గడువుకి అంతు లేదు.

"అమ్మా, పాసయ్యాను," అన్నాను. "కాలు బాగైపోనాది. నీ మొక్కు తీరిపోనాది. రేపు పర్సుడీహ్ ఎల్లి నీకు సేపలు తెత్తాను."

అమ్మ నా మొహంలోకి చూసింది. లోపలికి వెళ్లి గూట్లో దీపం వెలిగించింది.

"అయితే రా బావూ. అమ్మోరి ముందల గొంతుక్కూకోని దండమెట్టి లెగు."

తప్పించుకోడానికి ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. అలిసిపోయానని అనొచ్చు. కానీ ఆ దీపం ముందు నాకూ ఒక పిచ్చి ఆశ పుట్టింది, ఈ ఒక్కసారికి లేస్తానేమోనని. కూర్చున్నాను. దండం పెట్టాను. లేవబోయాను. మోకాలు బిగిసిపోయింది. నేల మీద చెయ్యి ఆనించాను, అయినా లేవలేకపోయాను. తల ఎత్తి అమ్మని చూసే ధైర్యం చాలక కళ్లు మూసుకుని ఇంకా దండం పెడుతున్నట్టే ఉన్నాను. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

అమ్మ నా వెనక్కి వచ్చి, చంకల కింద చేతులు పెట్టి పైకెత్తింది. ఆవిడ మోకాళ్లలోనూ గుజ్జు లేదు, ఆ చప్పుడు నాకు వినబడింది. ఇద్దరం గోడ పట్టుకుని ఎలాగో నిలబడ్డాం. ఆవిడ పైట చెంగుతో ముందు నా మొహం తుడిచింది.

"రేపు సేపలు తేకు బావూ," అంది.

సరేనన్నాను.