కాజాలమ్మ రాసిన పరీక్ష

బట్టల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాజాలమ్మ అనేవాళ్లు. చొక్కాలకు కాజాలు కుట్టడంలో చెయ్యి అంతగా తిరిగిన మనిషి. పెళ్లయిన కొత్తలో చేరింది, ఇప్పుడు మోకాళ్లు పట్టేసే వయసు. తోడికోడలిని తీసుకొచ్చి బొత్తాల వరుసలో పెట్టించిందీ, మిషన్ తొక్కడం నేర్పిందీ ఆమే. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తిపొడుస్తూనే ఉండేది.

అలాంటిది, కంప్యూటర్‌తో నడిచే మిషన్ ఒకటి వస్తోందనీ, ఎవరికి ఏమాత్రం వచ్చో కొలిచి ఒకరికి అప్పగిస్తామనీ కబురొచ్చింది. భోజనాల గదిలో బల్లకు ఇద్దరేసి కూర్చోబెట్టి చేతికో ట్యాబ్ ఇచ్చారు. తెర మీద ఏదో పట్టిక, దాని కింద ప్రశ్నలు. కాజాలమ్మకు చదవడం వచ్చు గానీ అడిగిందేమిటో బుర్రకెక్కలేదు. వేలితో తెరను పైకీ కిందికీ జరుపుతూ ఉండిపోయింది. అది చూసి పక్కనున్న తోడికోడలు మెల్లగా తన ట్యాబ్ ఇటు తిప్పింది. కాజాలమ్మ గుట్టుచప్పుడు కాకుండా జవాబులన్నీ తన దాంట్లోకి ఎక్కించేసింది.

ఇద్దరికీ ఒకే మార్కులు వచ్చాయి. అనుభవం ఎక్కువని మిషన్ కాజాలమ్మకిచ్చారు. తోటివాళ్లు చప్పట్లు కొడుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంట్లో భర్త తమ్ముడితో మీ వదినంటే ఏమనుకున్నావురా అని పొంగిపోయాడు. తోడికోడలు అందరికీ వడ్డించింది. కాజాలమ్మ కంచం సగంలోనే వదిలేసి లేచింది.

మర్నాడు పరీక్ష పెట్టినాయన దగ్గరికెళ్లి, చూసి రాశానని చెప్పేసింది. బరువు దిగుతుందనుకుంది. ఆయనేమో చూపించినవాళ్లదీ తప్పేనని ఇద్దరి మార్కులూ కొట్టేసి, విడివిడిగా మళ్లీ కూర్చోమన్నాడు.

తోడికోడలు ఆమెను కుళాయి దగ్గర నిలదీసింది.

"నాతో ఒక్క మాట అనుంటే ఏం పోయేదక్కా? నీ పరువు పోకూడదని చూపించాను. నువ్వు నన్ను దొంగను చేశావు."

"నీ పేరెత్తలేదే."

"ఎత్తాలా? నీ పక్కన ఇంకెవరున్నారని?"

తన మనసు తేలిక చేసుకునే తొందరలో ఆ పిల్ల ఏమైపోతుందో ఆమెకు తట్టనే లేదు.

రెండోసారి తోడికోడలు ఇంకా బాగా రాసింది, మిషన్ ఆమెదయింది. కాజాలమ్మ అన్నిటికన్నా కింది మెట్టు మీద తేలింది. తక్కువ మార్కులొచ్చినవాళ్లకు ఫ్యాక్టరీలో పెట్టిన సాయంత్రం తరగతికి రమ్మంటే చివరి బల్ల మీద ముడుచుకుని కూర్చునేది. అక్కడ చెప్పింది సగమే అర్థమయ్యేది. కొన్నాళ్లు బింకంగా ఉండి, ఆఖరికి తోడికోడలి గది గుమ్మంలో నిలబడి, శాతం అంటే ఏమిటో కాస్త చెప్పమని అడిగింది.

ఆ పిల్ల మడతపెడుతున్న బట్టలు పక్కకు జరిపింది.

"కూర్చో," అంది. అక్కా అనలేదు.