చావడానికి ఒప్పుకోని రాజు

సికింద్రాబాదులో ఒక రాజు సమయానికి చావనందువల్ల నిండు సభ చెప్పులు వదిలేసి పరుగెత్తిన వైనం చెబుతాను, వినండి. ఆ రాజును పుట్టించింది నేనే, చంపబోయి భంగపడ్డదీ నేనే. పాటల నాటక రచయిత్రిగా నా వృత్తి జీవితం మొదలూ తుదీ ఆ ఒక్క సాయంత్రంలోనే ఇమిడిపోయింది. అంత క్లుప్తంగా ముగించినందుకు దేవునికి స్తోత్రం.

పోలీసు చర్య జరిగిన ఏడు అది. ఆ గొడవల్లో రైల్వేలో పనిచేసే మా నాన్న డ్యూటీకి వెళ్లి, రైళ్లు నిలిచిపోయి, ఎక్కడున్నాడో తెలియకుండా పోయాడు. ఆయన క్షేమంగా ఇల్లు చేరితే మా చర్చి సంఘమంతా వినేలా కృతజ్ఞత పాట పాడిస్తానని మొక్కుకున్నాను. ఒక పొద్దున మాసిన గడ్డంతో మెట్టుగూడలో మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

ఒక పాట రాసి ఊరుకుంటే ఎవరికీ ఏ నష్టమూ ఉండేది కాదు. కానీ ఆదివారపు బడి నడిపే అమెరికా దొరసానమ్మ నా చెవిలో ఒక మాట వేసింది. వాళ్ల దేశంలో పాటల నాటకాలకు మాటలు రాయడమే ఉద్యోగమట. వరసలు కట్టేవాడు వేరట. కాస్త పేరు రాగానే సినిమావాళ్లే కారు పంపి పిలిపించుకుంటారట. అప్పటినుంచి నాకు అంట్లు తోముతున్నా మద్రాసు కారు హారను వినిపించసాగింది. బడి మెట్టు ఎక్కకుండా నాన్న దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్లకు ఇంతకంటే అర్హతేం కావాలి? అప్పటిదాకా ఒక్క నాటకమైనా చూడకపోవడం ఒక లోటని నాకు తోచనే లేదు. మా నాన్న లెక్కలో నాటకం చూడటం పాపం. రాయడం గురించి ఆయన ఏమీ అనలేదు.

క్రిస్మస్‌కి నాటకం సిద్ధమైంది. ఒక గర్విష్ఠి రాజు కత్తిపోటు తిని, పశ్చాత్తాపంతో పాట పాడి చనిపోతాడు. ఆ వెంటనే బడిపిల్లలు నా మొక్కుబడి పాట పాడతారు. రాజు వేషం మా మేనమామది. కుర్రతనంలో గుంటూరు వైపు పద్యనాటకాలు ఆడి, మారుమనస్సు పొంది మానేసినవాడు. ఆ మారుమనస్సు గొంతు దాకా రాలేదని నాకు ఆలస్యంగా తెలిసింది.

"రాజన్నవాడు ఒక్క చరణంతో పోతే ఏం బాగుంటుందే? ఇంకో నాలుగు రాయి" అన్నాడు.

"కడుపులో కత్తి పెట్టుకుని అంతసేపు పాడగలడా మామయ్యా?"

"కత్తి కడుపులో కదా ఉంది, గొంతులో కాదుగా."

ఈ తర్కానికి లొంగిపోయి రాశాను.

పాస్టరుగారు మిలిటరీ అధికారి చుట్టూ తిరిగి అనుమతి తెచ్చారు. షరతు ఒక్కటే: కర్ఫ్యూ వేళకు జనమంతా ఇళ్లలో ఉండాలి. బోయిగూడ నుంచీ, సీతాఫల్‌మండి నుంచీ వచ్చేవాళ్లున్నారు గనుక నాటకం ఎండ ఉండగానే మొదలుపెట్టాం.

రాజు దివ్యంగా పాడాడు. దివ్యంగా కూలాడు. తెర పక్కనున్న నేను పిల్లల్ని ముందుకు తోస్తున్నాను. అంతలో ముందు వరసలో ఉన్న మా పక్కింటి దర్జీ రాజయ్య లేచాడు. రాజు అంగీ కుట్టింది ఆయనే.

"ఏందిది, గింత మంచిగ పాడినోన్ని గిట్లనే పండబెడ్తరా? వన్స్ మోర్."

ఆ మాట పడితే చచ్చినవాడు లేచి మళ్లీ పాడాలని నాటకాలు చూసినవాళ్లందరికీ తెలుసట. సభలో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే, రాసిందీ నేనే. మామయ్య లేచాడు. కత్తి తీసి చంకలో పెట్టుకుని, మీసం సవరించుకుని, పల్లవి నుంచి అందుకున్నాడు. పాస్టరుగారు ఏళ్ల తరబడి బోధించినా కుదరని పునరుత్థాన విశ్వాసం ఆ సాయంత్రం అందరికీ కుదిరింది. హుషారుగా మళ్లీ అడిగారు. రాజు మళ్లీ లేచాడు.

"పడుకో మామయ్యా, నువ్వు చచ్చిపోయావు" అన్నాను తెర చాటు నుంచి.

"జనం అడుగుతుంటే శవం కాదంటుందటే?" అన్నాడు పెదవి కదపకుండా.

పాస్టరుగారు చెమటలు కక్కుతూ నా దగ్గరికి వచ్చారు. "ఈయన ఎప్పుడు పోతాడమ్మా? బయట సిపాయిలు తిరగడం మొదలైంది."

"పోవడానికి కావలసినవన్నీ రాశానండీ అయ్యగారూ" అన్నాను.

అప్పుడు వీధిలో ఈల మోగింది. సభ మొత్తం ఒక్కసారిగా లేచింది. తల్లులు వేదికెక్కి, నోరు తెరిచి నిలబడ్డ పిల్లల్ని చంకన వేసుకుని పోయారు. రాజయ్య ఒక కాలికి మాత్రమే చెప్పుతో పరుగెడుతూ "పాట సుత పూర్తిగ విననియ్యలే" అని సిపాయిల్ని తిట్టుకున్నాడు. వినేవాళ్లు లేరని చూసుకుని, రాజు ఎవరూ చెప్పకుండానే పోయాడు.

నా మొక్కుబడి పాటను వేదిక మీద ఎవరూ పాడలేదు.

ఇంట్లో అంట్ల ముందు కూర్చుని దేవునికి క్షమాపణ చెప్పుకుంటూ ఏడుస్తున్నాను. నాన్న మంచం మీద నుంచి, "ఆ పాటేదో నాకు వినిపించు" అన్నాడు. బూడిద చేతులతోనే పాడాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

తర్వాత మెల్లిగా అన్నాడు: "వన్స్ మోర్."

నాటకం పాపమన్న మనిషికి ఆ మాట ఎక్కడ దొరికిందో నేను అడగలేదు. మళ్లీ పాడాను. సంఘమంతా వినలేదు గానీ, వినవలసినవాళ్లిద్దరూ విన్నారు.

మద్రాసు కారు ఇంకా రాలేదు. ఒకవేళ వస్తే అందులోవాళ్లకు తెలియాలని గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా నాటకంలో కృతజ్ఞత పాట తెర లేవగానే ఉంటుంది. ఏ రాజు పోయినా, ముందు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయాకనే పోతాడు.